మూడున్నర పళ్ళ గాటు

కాదండీ, నమ్మకపోతే మీరే ఒకసారి లేచి చూడండి. మీ ఇంట్లో గుండ్రటి కాళ్ళున్న స్టూలో, మంచమో, పాతకాలం కుర్చీయో ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదా. దాన్ని తిరగేసి కాలి అడుగు చూడండి. మధ్యలో చిన్న బెజ్జం, దాని చుట్టూ నాలుగు గాట్లు కనపడతాయి. ఎలక కొరికిందనుకుంటారు జనం. ఎలక కాదు, లేతు. చెక్కని గుండ్రంగా తిప్పే లేతు మిషనుకి ఒక కొసన ఇనప సీల ఉంటుంది, ఆ సీలకి నాలుగు పళ్ళు. ఆ పళ్ళు చెక్కలో దిగబడి పట్టుకుంటేనే చెక్క తిరుగుతుంది, ఉలి ఆనిస్తే పొట్టు లేస్తుంది. పని అయ్యాక నునుపు చేస్తారు, రంగేస్తారు, కానీ అడుగున ఆ పంటి గాటు మాత్రం అలాగే ఉండిపోతుంది. కాలి కింద ఏముందో ఎవరు చూస్తారులే అని వదిలేస్తారు.

బొంగరం మేస్త్రి చూస్తాడు. అది ఆయనకి జబ్బు లాంటిది. ఎవరింటికెళ్ళినా కూర్చోమంటే కూర్చోడు, ముందు కుర్చీని తిరగేస్తాడు. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికెళ్ళి, బయట బల్ల కింద దూరాడు. కళ్ళు తిరిగి పడిపోయాడనుకుని నర్సు పరిగెత్తుకొచ్చింది. ఈయన కిందనుంచే, "ఇది మార్కెట్టు వెనక కుంటాయన లేతమ్మా, రెండు పళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి" అన్నాడట. వాళ్ళావిడ సిగ్గుతో చచ్చిపోయింది. "మా ఆయనకి మనుషుల మొహాలు గుర్తుండవు గానీ కుర్చీల అడుగులు గుర్తుంటాయి" అని చుట్టాల్లో ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. నిజమే మరి, మనిషి మనిషికీ పలువరస వేరుగా ఉన్నట్టు లేతు లేతుకీ గాటు వేరుగా ఉంటుంది. ఒక పన్ను వంకర, ఒక పన్ను అరిగింది. ఆ పనిలో ఉన్నవాళ్ళు గాటు చూసి ఎవరి చెయ్యో చెప్పేస్తారు.

బొంగరం అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. మిగిలిన చెక్కముక్కలతో బొంగరాలు తీసి వీధిలో పిల్లలకిస్తాడు, పైగా ఒకచోట కుదురుగా నిలబడడు, అందుకని ఆ పేరు అతుక్కుపోయింది. మనిషి వెదురు గడలా సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఫర్నిచర్ షాపు వెనక రేకుల షెడ్డులో, ఓనరు మిషను మీద, జుట్టు నెరిసేదాకా జీతానికి చేశాడు. తర్వాత ఓనరు కొడుకు పగ్గాలు పట్టుకుని కంప్యూటర్ మిషను తెచ్చిపెట్టాడు. "బాబాయ్, మీరింక ప్యాకింగు చూసుకోండి" అన్నాడు, చాలా మర్యాదగానే. ప్యాకింగంటే అట్టపెట్టెలకి టేపు అంటించడం. కొన్నాళ్ళు అంటించాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని చేతులు వాసన చూసుకునేవాడు.

"టేపు వాసనొస్తున్నాయే."

"సబ్బెట్టి కడుక్కోండి."

"కడిగాను. పోవట్లేదు."

ఆవిడ ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది. మాట పదును, మనసు మెత్తన. కొన్నాళ్ళు చూసి చూసి, నోట్లో దారం కొరుకుతూనే చెప్పేసింది. "మీకో లేతు కావాలి. అంతేగా. కొనుక్కు తగలడండి. ఇలా రోజూ చేతులు చూసుకుంటూ కూర్చుంటే నాకు దిగులుగా ఉంది."

మిషను సంగతి పట్టుకొచ్చింది వాళ్ళ బావ, అంటే ఆవిడ అన్న. వెల్డింగు షాపాయన. ఎప్పుడు చూసినా కనుబొమల మీద మసి, నోట్లో వెటకారం.

"పాత లేతుంది, చూస్తావా? ఇనుము గట్టిది. ఈ కాలం రేకు డబ్బా కాదు. ఏళ్ళయింది తిరిగి."

"మేస్త్రి ఏమయ్యాడు?"

"లేడు."

"పోయాడా?"

"పోయాడని నేనన్నానా? లేడన్నాను. నన్ను తవ్వకు, ఆ ఇంటావిడే చెప్తుంది."

సందులో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు. ముందు గది, దాని వెనక వంటిల్లు, ఆ వెనక లేతు గది. ఇంటామె చిన్నగా, శుభ్రంగా ఉంది. వయసు మీదపడింది గానీ నడుం వంగలేదు. ఈయన పిన్నిగారూ అని పిలిచాడు, ఆమె బాబూ అంది, అంతటితో పరిచయం అయిపోయింది.

లేతు గదిలో అడుగు పెట్టగానే మేస్త్రి చూసింది మిషను కాదు, గోడ. ఏళ్ళ తరబడి పొగా దుమ్మూ పట్టి గోడంతా నల్లగా ఉంది, ఒకప్పుడు ఉలులు వేలాడిన చోట మాత్రం ఉలుల ఆకారాలు తెల్లగా మిగిలాయి. ఉలులు లేవు, వాటి ఖాళీలున్నాయి. అన్నీ పిడి పైకి, మొన కిందికి. ఒక్కటి మాత్రం తలకిందులు, మొన పైకి.

"ఉలులేవండీ?"

"ఎవరో పనివాడు అడిగితే ఎప్పుడో ఇచ్చేశాను బాబూ. ఇనుముకి తిండి పెట్టక్కర్లేదు గానీ, చూస్తుంటే నాకు అన్నం దిగేది కాదు."

మిషను మొత్తం తుప్పు. చెయ్యి పెడితే ఎర్రగా అంటుతోంది. రెండు ఇనప పట్టాలూ, చక్రాలూ, చెక్క రెండో కొసని నొక్కిపట్టే వెనక తలా, అంతా అంతే. కానీ ముందు పట్టా మీద, మనిషి నడుం ఆనే చోట, అరచెయ్యంత మేర అద్దంలా మెరుస్తోంది. నిన్నటిదాకా ఎవరో ఆనుకుని పనిచేసినట్టే ఉంది. మేస్త్రి దాని మీద వేలు పెట్టి ఆమె వైపు చూశాడు.

"అది నేనే" అంది ఆమె. "రోజూ వచ్చి అక్కడ చెయ్యేసి నిలబడతాను."

తర్వాత అడక్కుండానే చెప్పింది. ఆయన, అంటే పెద్ద మేస్త్రి, మంచం కోళ్ళు తీస్తున్నాడు ఆరోజు. ఆ సీలకి ఒక పన్ను ఎప్పుడో విరిగి మొండిగా మిగిలింది, అది కూడా పక్కకి వాలిపోయింది. అతికించుకోండీ అంటే ఇవాళా రేపూ అంటూ దానితోనే లాక్కొచ్చాడు. ఆరోజు ఆఖరి కోడు పళ్ళ పట్టు వదిలి ఎగిరి కిటికీ అద్దానికి తగిలింది. ఆయనకి కోపమొచ్చి, సీల ఊడదీసి గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు. 'ఈ పన్నేదో అతికించుకొచ్చేస్తా, అన్నం పెట్టెయ్' అని చెప్పులేసుకున్నాడు. అంతే. వెల్డింగు షాపుకి వెళ్ళలేదు. ఆసుపత్రిలో లేడు. పోలీసులు ఏటి గట్టు కూడా వెతికారు. అప్పుల్లేవు, గొడవల్లేవు.

"ఆరోజు కంచంలో పెట్టి మూత పెట్టాను. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు పెట్టాను బాబూ. పక్కింటావిడ తిట్టి మానిపించింది."

"ఇప్పుడెందుకమ్మా అమ్మడం?"

"మా చెల్లెలు రమ్మంటోంది. దాని ఊళ్ళో, పాలకేంద్రం ఎదురిల్లు. ఇంటివాళ్ళకి చెప్పేశాను కూడా. ఇది ఇక్కడున్నన్నాళ్ళూ నా చెవి ఈ గదిలోనే ఉంటోంది. పడుకుంటే సగం నిద్రే, సగం వినడమే. ఇది కదిలిపోతే నేనూ కదుల్తాను. ఏదీ మిగల్చకు. ఆ కోడు కూడా పట్టుకుపో."

పట్టాల మధ్య పొట్టులో సగం తిరిగిన మంచం కోడు పడుంది. ఒక సగం నున్నగా, కాశీచెంబు మెడలా తిరిగింది. మిగతా సగం పలకలుగానే ఉంది. మేస్త్రి అలవాటు ప్రకారం దాని అడుగు చూశాడు. మూడు నిలువు గాట్లు. నాలుగోది చిన్న చుక్క, పక్కకి వాలి.

మిషను కొని, మేస్త్రి ఇంటి పక్క సందులో రేకు వేసి దించుకున్నారు. బావా ఈయనా కలిసి నట్టు నట్టూ విప్పారు. కిరసనాయిల్లో నానబెట్టారు, ఇనప బ్రష్షుతో రుద్దారు, గరుకు కాగితంతో అరగదీశారు. బేరింగులు బిగుసుకుపోయి సుత్తికి కూడా లొంగలేదు, కొత్తవి తెచ్చారు. మోటారు చుట్టించారు. బెల్టు పట్టుకుంటే పెంకుల్లా రాలిపోయింది. వాళ్ళావిడ తుప్పు పట్టిన చేతుల్ని చూసి, "గిన్నెలు తోమమంటే నడుం నెప్పంటారు. ఇదెలా వచ్చిందండీ బలం?" అంది. "గిన్నెలకి బేరింగులుండవు కదే" అన్నాడు. హుషారుగా ఉన్నాడు. టేపు వాసన మాట మళ్ళీ ఎత్తలేదు.

బెల్టు మీద మూత విప్పినప్పుడు మాత్రం ఇద్దరూ ఒక క్షణం ఆగిపోయారు. లోపల పొట్టు పిట్టగూడులా గట్టిగా కూరుకుపోయి ఉంది. వేలు పెట్టి లాగితే, అది మెల్లిగా సడలి, ఉంగరాలు ఉంగరాలుగా విచ్చుకుంది. పచ్చి టేకు వాసన గుప్పున కొట్టింది.

"ఇదేంటి, ఇవాళ తీసినట్టుంది" అన్నాడు బావ.

"గాలి తగల్లేదు కదా బావా. లోపలే ఉండిపోయింది వాసన."

"ఉంటే ఉంది. పారెయ్ ముందు." బావ తనే ఆ పొట్టంతా ఎత్తి సందు చివర పారబోసొచ్చాడు.

సీల లేదు కదా, దాన్ని ఇనప లేతు షాపులో కొత్తగా చేయించాడు. నాలుగు పళ్ళు, నాలుగూ సమానంగా, కత్తుల్లా. దాన్ని బెజ్జంలో తట్టి కూర్చోబెట్టి, ఓ చెక్కముక్క బిగించి, స్విచ్చేశాడు. మిషను ముందు మూలిగింది, తర్వాత గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, చివరికి సన్నగా ఒకే రాగం అందుకుంది. ఉలి ఆనించగానే పొట్టు రిబ్బనులా లేచి మోచేతి మీద పడింది. ఆయన కళ్ళు తుడుచుకుంటే వాళ్ళావిడ చూడనట్టు లోపలికెళ్ళిపోయింది.

ఒక్కటే చిక్కు. మిషను ఎత్తు తక్కువ. పెద్ద మేస్త్రి పొట్టివాడేమో, తన నడుం దగ్గరికి వచ్చేలా బిగించుకున్నాడు. మిషను కాళ్ళ కింద దుంగలు పెట్టి చూశారు, తిరిగేటప్పుడు ఊగిపోతోంది. తీసేశారు. దాంతో ఈయనే వంగాల్సి వచ్చింది. మెడ ముందుకి, వీపు గుండ్రంగా, ఎడమ మోకాలు కాస్త మడిచి. అలా నిలబడితేనే ఉలి సరిగ్గా కూర్చుంటుంది. మొదట్లో నడుం పట్టేసింది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోవడమే వాళ్ళావిడకి నచ్చలేదు.

"మిషను ఆపాక కూడా అలాగే నడుస్తున్నారు."

"ఎలా?"

"ఎవరోలా. నిన్న సందు చివర్నుంచి వస్తుంటే మీరనుకోలేదు నేను. ఎవరో పొట్టాయన వస్తున్నాడనుకున్నా."

ఆయన నవ్వేశాడు. ఆర్డర్లు మొదలయ్యాయి, చపాతీ కర్రలూ, మంచం కోళ్ళూ, మెట్ల కటకటాలూ. నవ్వక ఏం చేస్తాడు?

ఒకరోజు మధ్యాహ్నం పనిలో ఉండగా, మిషను అమ్మిన పెద్దామె వచ్చింది. ఊరెళ్ళేముందు మిషను తిరగడం ఒకసారి చూసిపోదామని. చప్పుడులో ఈయనకి అడుగులు వినపడలేదు. వాళ్ళావిడ మంచినీళ్ళు తెస్తూ గుమ్మంలోంచి చూసింది. పెద్దామె సందు మొదట్లో నిలబడిపోయి, వంగి ఉన్న ఆ వీపు వంక చూస్తోంది. మొహంలో ఆశ్చర్యం లేదు, సంతోషం కూడా లేదు. బజారుకెళ్ళిన మనిషి ఆలస్యంగా వస్తే అడిగినట్టు, "వచ్చారా" అంది.

మేస్త్రి స్విచ్చాపి వెనక్కి తిరిగాడు. పెద్దామె కాసేపు ఆ మొహం చూసి, కొంగుతో నోరు తుడుచుకుంది.

"ఏమనుకోకు బాబూ. వెనకనుంచి చూస్తే... ఏమనుకోకు."

తర్వాత బానే మాట్లాడింది. ఇప్పుడు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నానని, పగలు కూడా పడుకుంటున్నానని, ఫోనులో చెల్లెలు నవ్వుతోందని చెప్పింది. "ఆయన పోయాడు బాబూ. ఆ మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టింది. అన్నాక తేలిగ్గా ఉంది" అంది. మెరిసే పట్టా మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు.

ఆ వారంలోనే వాళ్ళావిడ వీధిలో తోపుడు బండి మీద ఒక స్టూలు కొంది. కుట్టుకునేటప్పుడు కాలు పెట్టుకోవడానికి.

"ఇంట్లో లేతు పెట్టుకుని బయట స్టూలు కొంటావా?" అన్నాడు మేస్త్రి.

"మీరు చేసిస్తారని చూస్తూ కూర్చుంటే నా కాలు అరిగిపోతుంది. అమ్ముకునేవాటికే తీరిక లేదు మీకు."

మాట్లాడుతూనే ఆయన స్టూలు తిరగేశాడు. అలవాటు. ఆవిడ ఇంకేదో అంటోంది గానీ ఆయనకి వినపడలేదు. చెక్క కొత్తది, తెల్లగా, పాలు కారుతున్నంత పచ్చిగా ఉంది. వేపో మామిడో, ఈమధ్య కొట్టిందే. నాలుగు కాళ్ళ అడుగునా ఒకటే గాటు. మూడు నిలువు గీతలు, నాలుగోది పక్కకి వాలిన చుక్క.

లోపలికెళ్ళి సగం కోడు తెచ్చి పక్కన పెట్టాడు. చూడక్కర్లేదు గానీ, పెట్టాడు.

సాయంత్రం బావ వచ్చాక ముగ్గురూ ఆ స్టూలు చుట్టూ కూర్చున్నారు. దాని మీద ఎవరూ కూర్చోలేదు.

"దార్లో పారేసుకుని ఉంటాడు. ఎవడికో దొరికింది, పాతసామాను కొట్లో వేశాడు, ఇంకెవడో కొనుక్కున్నాడు" అన్నాడు బావ.

"పాత సీలల్లో విరిగిన సీల ఎవడు కొంటాడు బావా? ఇది వాడితే చెక్క జారుతుంది. దీనికి అలవాటైన చెయ్యి ఉండాలి."

"మరి ఆయనే అయితే, అతికించుకొస్తానని వెళ్ళినవాడు ఇన్నేళ్ళయినా అతికించుకోలేదా?" అంది ఆవిడ.

మేస్త్రి స్టూలుని మళ్ళీ నిలబెట్టాడు. "పిన్నిగారికి చెప్పాలి" అన్నాడు.

"ఏమని? మీ ఆయన బతికున్నాడేమో, లేడేమో, స్టూలు కాలు చూడండీ అనా? ఇప్పుడిప్పుడే నిద్రపోతోంది ఆవిడ. మళ్ళీ వినడం మొదలుపెడుతుంది."

"చెప్పకపోతే ఊరొదిలి వెళ్ళిపోతుంది. రేపాయన వస్తే తాళం కనపడుతుంది."

ఆవిడ చేతిలో గుడ్డ మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. తర్వాత మెల్లిగా అంది. "ఆయన బతికుంటే, ఆ మిషను ఎవరిదండీ?"

బావ దగ్గి బయటికి చూశాడు. ఆ ప్రశ్న మేస్త్రికి రాలేదని కాదు. గాటు చూసిన క్షణమే వచ్చింది, అందరికంటే ముందు వచ్చింది. అందుకే ఆయనకి తన మీద తనకే అసహ్యంగా ఉంది.

ముందు ఎవరో తెలుసుకుందాం అని తోపుడు బండివాణ్ణి పట్టుకున్నాడు. వాడు రైలు గూడ్సు షెడ్డు వెనక ఒక గోడౌను చెప్పాడు. మర్నాడు పొద్దున్నే స్టూలు చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

పొడుగాటి రేకుల షెడ్డు. ఇద్దరు పనివాళ్ళు స్టూళ్ళకి మేకులు కొడుతున్నారు. ఓనరు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"ఈ కాళ్ళు తీసేది ఎవరండీ?"

"మూల ఉంటాడు. ఇప్పుడే బయటికెళ్ళినట్టున్నాడు. కూర్చో, వస్తాడు."

"పెద్దాయనా?"

"ఏమో. పొట్టు పడకుండా మొహానికి గుడ్డ కట్టుకునే ఉంటాడు. నోరు విప్పడు. పని మాత్రం బానే చేస్తాడు."

మేకులు కొట్టేవాళ్ళలో ఒకడు, "నా ఈడే ఉంటుంది" అన్నాడు. రెండోవాడు, "నీ మొహం. మా తాతంత ఉంటాడు" అన్నాడు. ఇద్దరూ అతని పక్కనే రోజూ పనిచేసేవాళ్ళే.

మేస్త్రి మూలకెళ్ళాడు. ఒక పాత లేతు, ఎత్తు తక్కువ. పైన గోడకి మేకుల మీద ఉలులు. అన్నీ పిడి పైకి, మొన కిందికి. ఒక్కటి మాత్రం మొన పైకి. కింద పట్టాల మీద స్టూలు కాలు సగం తిరిగి పడుంది. సీల ఉండాల్సిన చోట బెజ్జం ఖాళీగా ఉంది.

"సీలేదండీ?"

"బయటికెళ్తే జేబులో వేసుకుపోతాడు" అన్నాడు ఓనరు, ఫోనులోంచి తలెత్తకుండా. "ఎవరన్నా ఎత్తుకుపోతారని కాబోలు."

మేస్త్రి ఆ సగం కాలు చేతిలోకి తీసుకున్నాడు. మిషను ఆపి కాసేపే అయితే, చెక్క వెనక కొస ఇనుము రాపిడికి వేడిగా ఉంటుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. వేడిగానే ఉంది, మనిషి నుదురంత వేడి. షెడ్డుకి తలుపు ఒక్కటే. ఆయన ఆ తలుపులోంచే వచ్చాడు. దార్లో ఎవరూ ఎదురుపడలేదు.

కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. పనివాళ్ళు డబ్బాలు విప్పుకుని తిన్నారు, ఈయనకీ పెట్టబోతే వద్దన్నాడు. చేతిలో స్టూలు కాలు చల్లబడింది. ఎవరూ రాలేదు. ఎండ గుమ్మం దాటి బయటికి జరిగిపోయాక లేచాడు.

"వస్తే ఒక్క మాట చెప్పండి. ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తోందని చెప్పండి."

"ఏ ఆవిడ?"

"ఆయనకి తెలిస్తే తెలుస్తుంది. తెలియకపోతే ఫరవాలేదు."

అటునుంచి అటే పెద్దామె ఇంటికెళ్ళాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. పిన్నిగారూ, కంగారు పడకండి, ఒక చిన్న విషయం. కాదు, చిన్న విషయం అనకూడదు. పిన్నిగారూ, మీరు ఓసారి నాతో గోడౌనుకి రావాలి.

తలుపు బార్లా తీసి ఉంది. ముందు గదిలో సామానంతా పోయి గోడలు బోసిగా ఉన్నాయి. తాళ్ళు కట్టిన పెట్టె ఒకటుంది. దాని పక్కన చాప మీద పెద్దామె నిద్రపోతోంది. చెయ్యి ఒకవైపు, కాలు ఒకవైపు, నోరు తెరుచుకుని చిన్నపిల్లలా గుర్రు పెడుతోంది. సందులో బండి హారన్ కొట్టినా కదల్లేదు. మేస్త్రి గుమ్మంలో నిలబడి రెండుసార్లు నోరు తెరిచాడు. ఇంత గాఢంగా పడుకున్న మనిషిని ఆయన ఎక్కడా చూడలేదు. లేపితే ఇదే ఆఖరి నిద్రవుతుంది అనిపించింది. ఇంకోటి కూడా అనిపించింది, లేపకపోతే మిషను తనదే అని. రెండిట్లో ఏది కాలు పట్టి వెనక్కి లాగిందో ఆయనే చెప్పలేడు. రేపు పొద్దున్నే వద్దాంలే అనుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

పొద్దున్న వెళ్ళేసరికి తాళం. పక్కింటావిడ గుమ్మంలో నీళ్ళు చల్లుతోంది.

"తెల్లారగానే వెళ్ళిపోయిందిగా. పెట్టె ఆటోలో పెట్టింది నువ్వే కదా బాబూ?"

"నేనా? నేనిప్పుడే వస్తున్నానమ్మా."

"మరెవరో మగమనిషి. వెనకనుంచి నువ్వే అనుకుని పలకరించాను కూడా. పలకలేదు. ఆటో అతనేమోలే."

"ఆవిడేమన్నా అందా?"

"ఏమీ అనలేదు. చంటిపిల్లలా వెంట నడిచింది."

"ఆయనా ఆటో ఎక్కాడా?"

"నేను చూడలేదయ్యా. పొయ్యి మీద పాలు పొంగుతుంటే లోపలికి పరిగెత్తా."

గోడౌనుకి ఇంచుమించు పరిగెత్తాడు. "చెప్పానయ్యా నీ మాట" అన్నాడు ఓనరు. "నువ్వటు వెళ్ళగానే వచ్చాడు. విన్నాడు. తలూపాడు. ఇవాళ పనికి ఎగ్గొట్టాడు." మూల గోడ మీద ఉలులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అతను మళ్ళీ ఆ గోడౌనుకి రాలేదు.

చూసి రావడానికి ఎంతసేపు? పెద్దామె చెల్లెలి ఊరికి బస్సుంది. పాలకేంద్రం ఎదురిల్లు. వెళ్ళి తలుపు తడితే తెలిసిపోతుంది, ఆవిడ ఒంటరిగా ఉందా, పక్కన ఇంకెవరైనా ఉన్నారా, ఉంటే ఆ మనిషి మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పాడా లేదా. మొదట్లో చెప్పొద్దన్న వాళ్ళావిడే ఇప్పుడు వెళ్ళమంటోంది. "మిషను పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుందాం. నేను కుడతాను. మీరిలా గుమ్మం వంక చూస్తూ పని చెయ్యకండి, చెయ్యి తెగుతుంది" అంది. ఆయన సరేనన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆ స్టూలు గోనెగుడ్డలో చుట్టుకున్నాడు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు కూడా. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే ఆ ఊరి పేరు నోటిదాకా వచ్చింది. "రైలు గేటు దగ్గర దింపెయ్ బాబూ" అన్నాడు. దిగి, నడుచుకుంటూ ఇంటికొచ్చి, చొక్కా విప్పి కొక్కానికి తగిలించాడు. అది ఎండాకాలంలో సంగతి. తర్వాత ఇంకో రెండు మూడుసార్లు ఆ చొక్కా తీశాడు. మొన్న వానలు తగ్గాక వెళ్తానన్నాడు. వానలు తగ్గాయి. స్టూలు ఇంకా గోనెగుడ్డలోనే, గుమ్మం పక్కన ఉంది.